పాపను చూడలేదని చెప్పడానికి

నా చిన్నప్పుడు, బహ్రెయిన్‌లో, జింజ్‌లో మేముండే బిల్డింగ్ మొత్తానికి ఉక్రెయిన్ భాష అనర్గళంగా మాట్లాడే తెలుగు పిల్లాణ్ణి నేనొక్కణ్ణే. అనర్గళంగా అంటే, ఓ ముప్ఫై మాటలు. వాటిలో సగం తిండి పేర్లు.

నేర్పింది పక్కింటి అత్తయ్య. ఆవిడది ఉక్రెయిన్. చదువుకని అక్కడికి వెళ్ళిన కాకినాడ డాక్టరుగారిని పెళ్ళాడి, ఆయన వెంట బహ్రెయిన్ వచ్చింది. వాళ్ళ భాషలో "చూశాను" అంటే చూసినదాని పేరుకి ఒక తోక, "చూడలేదు" అంటే చాలాసార్లు వేరే తోక. తోక అన్నది ఆవిడ మాటే, మన విభక్తి లాంటిది. కొన్నిచోట్ల పాత తోక ఉంచినా తప్పు కాదట. ఎక్కడ ఏది పెట్టాలో నాకు ఎప్పుడూ గుబులే. సరిగ్గా చెబితే తేనె బిస్కట్టు దొరికేది. అందుకని వాక్యమంతా మనసులో కట్టుకున్నాకే నోరు తెరిచేవాణ్ణి.

ఒక వేసవి మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఉంటే, అత్తయ్య చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. వాళ్ళ మూడేళ్ళ పాప ఇంట్లో లేదు. బయట ఎండలో కార్లు కాలిపోతున్నాయి. పిల్ల ఏ కారులోకైనా ఎక్కి తలుపేసుకుంటే? ఆ కంగారులో ఆవిడకు తెలుగు రాలేదు. పాపను చూశావా అని తన భాషలోనే అడిగింది.

చూడలేదు. కానీ పాప అనే మాటకి ఏ తోక పెట్టాలి? ఆలోచిస్తూ ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయాను, గంటసేపు. సరే, నాలుగైదు క్షణాలు. తల అడ్డంగా ఊపినా సరిపోయేది. అంత పండితుడికి అది తట్టలేదు. నేను ఏదో చూసి చెప్పలేకపోతున్నానని ఆవిడ అనుకుంది. గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడింది.

ఈలోగా మా అమ్మ బయటికొచ్చింది. "ఏరా, నోట్లో ఏం పెట్టుకున్నావ్? చూశావో లేదో చెప్పి ఏడు."

"చూళ్ళేదే," అన్నాను తెలుగులో.

అప్పుడే కింద కోల్డ్ స్టోర్ భాయ్ తన కిరాణా కొట్లోంచి హిందీలో కేకేశాడు. "భాభీ, మీ బుల్లి సామాన్ మా బియ్యం బస్తాల మీద నిద్రపోతోంది."

సాయంత్రం అత్తయ్య నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. తేనె బిస్కట్టు చేతిలో పెట్టింది.

"నువ్వు మాట్లాడలేదు, నేను ఏదో చెడ్డది అయింది అనుకున్నాను. ఆ మాటకి రెండు తోకలూ మంచివే, బాబూ. పిల్ల కోసం అమ్మ అడిగితే ముందు లేదు చెప్పు. తోక రేపు పెట్టు."

ఆ రెండు భాషల్లోనూ క్షమించమని అడిగాను అని రాద్దామనుకున్నాను. లేదు, ఏడ్చానంతే.

మొన్నామధ్య మా అబ్బాయికి ఆపరేషన్ అయింది. డాక్టరు చెప్పిన ఇంగ్లీషు పేర్లన్నీ వల్లె వేసుకుంటూ వరండాలోకి వచ్చాను. "మామయ్యా" అంటూ కోడలు లేచి నిలబడింది. "బాగున్నాడమ్మా," అన్నాను. ఆ పేర్లన్నీ ఆమె కూర్చున్నాక చెప్పాను. సగం తప్పే చెప్పి ఉంటాను.