కొస లేని నాలుకకు ఒక భాష

ల్యాబులోని మైక్రోఫోన్ మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. స్నేహితులు నవ్వుతారని తెలుసు. నా నోట్లోంచి బయల్దేరిన సంగతి తార్నాక సిగ్నల్ దాటేలోపు రెండింతలవుతుందని వాళ్ళ ఆరోపణ. ఇది అలాంటిది కాదు.

కరోనా తగ్గి క్లాసులు మళ్ళీ మొదలైన ఏడాది. యూనివర్సిటీలో ఫొనెటిక్స్ ల్యాబు నా చేతిలో ఉండేది. నోరు శబ్దాన్ని ఎలా పుట్టిస్తుందో చూసే శాస్త్రం అది. నిజానికి అందులో ఎక్కువ పని నోరు మూసుకుని కూర్చోవడమే. ఎదుటివాళ్ళ రికార్డింగులో మన గొంతు పడకూడదు. తల ఊపాలి గానీ ఊఁ కొట్టకూడదు. ఏళ్ళ తరబడి అలా కూర్చుని ఊఁ కొట్టడమే మర్చిపోయాను. తార్నాకలో నా ఫ్లాటులో ఆ అవసరమూ రాలేదు. అక్కడ నాతో మాట్లాడేది ప్రెషర్ కుక్కరొక్కటే.

ఆ వేసవిలో బాలరాజు గారు వచ్చారు. సిటీ బస్సు కండక్టరుగా రిటైరయ్యారు, ఇల్లు మాణికేశ్వర్ నగర్. క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి నాలుక కొస తీసేశారు. త, ట, ర, ల, న, స పలకవు. ఉద్యోగమంతా "తార్నాక, తార్నాక" అని అరిచిన నోట్లో ఆ పేరుకు చివరి "క" మాత్రమే తిన్నగా మిగిలింది. ఆయన మాటల్ని ఇక్కడ పూర్తిగానే రాస్తున్నాను. ముక్కలుగా రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

స్పీచ్ థెరపీ కోసం వచ్చారనుకుని ఆసుపత్రి దారి చెప్పబోయాను. అదంతా అయిపోయిందట.

"నాకో భాష చేసియ్యిండ్రి సార్. నాకు పలికే శబ్దాలతోనే."

"ఎవరితో మాట్లాడతారు?"

"మా ఇంటామె సుగుణతోని. నేను నోరు తెరుస్తే చాలు, నా మాట ఆమెనే ముగిస్తది. నీళ్ళా, గోలీలా, నొప్పా అంటది. గవి గాకుంట నాకు చెప్పేది ఇంకేమన్న ఉంటదని యాదికే లేదు. కొత్త భాషల అయితే ఆఖరిదాక ఆగాలె గద."

ఒప్పుకున్నాను. ఏ భాషకైనా ముందు ఫోనీమ్ ఇన్వెంటరీ కావాలి, అంటే ఏయే శబ్దాలుంటాయో తేల్చాలి. దానికి పాలటోగ్రఫీ అని ఒక పద్ధతి. బొగ్గుపొడి నూనెలో కలిపి నాలుకకు పూస్తాం, ఒక శబ్దం పలికిస్తాం, అద్దం పెట్టి అంగిలిని ఫోటో తీస్తాం. నాలుక తగిలినచోట నల్లగా పడుతుంది. ఆయన అంగిలి ముందుభాగం ప్రతిసారీ కడిగినట్టు వచ్చింది. "మీ మసి దండుగైంది సార్," అని నవ్వారు.

పెదవులతో ప, బ, మ, వ. నాలుక వెనక నుంచి క, గ. గొంతులోంచి హ. అచ్చులు పొట్టివీ పొడుగువీ. అంతే సరుకు. "బామో" అంటే అన్నం, "గూపె" అంటే బస్సు. నేను తడబడితే ఆయన ముఖం వెలిగిపోయేది. "ఈ భాషల నత్తి మీకున్నది సార్," అనేవారు. మా దీర్ఘం ఎంత బాగా కుదిరిందంటే, కిటికీ అవతల క్యాంపస్ నెమళ్ళు దాన్ని పట్టేసి, నా విద్యార్థులకంటే శుద్ధంగా పలికేవి.

ఒక్కటే చిక్కు. వాక్యం మొదలుపెట్టి సగంలో ఆగిపోయేవారు. శబ్దాల్లో లోపమేమోనని గ తీసేసి చూశాను, అచ్చులు తగ్గించి చూశాను. మళ్ళీ ఆగారు.

"గీడ ఎవరన్న ఉన్నరా లేరా సమజైతలేదు సార్. ఊఁ అనరేంది?"

ల్యాబు నియమం చెప్పాను. సరేనని మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ సగంలోనే ఆగారు.

తర్వాత సుగుణమ్మ వచ్చింది. ఆయన ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఆయన మొదలుపెట్టారు. ఆపరేషన్ రోజు నాకు భయం లేదని చెప్పి నిన్ను బయటికి పంపించాను, అది అబద్ధం, చాలా భయమేసింది, నువ్వు బెంచీ మీద ఒక్కదానివే కూర్చున్నావని తెలిసీ పిలవలేదు. తెలుగులో చెబితే ఇదీ వాక్యం. ఆగినచోటల్లా ఆమె ఊఁ అంది. ఆయన చివరిదాకా చెప్పారు. రికార్డింగు పాడైంది. గొంతును బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో ఆయన మాటల కింద ఆ ఊఁలు నల్లటి చారలుగా పడ్డాయి. చెరపలేదు.

ఆ కేసు నేర్పింది ఇదే. పలికేవాడి నోటిని అంగుళం అంగుళం కొలిచి భాష కట్టాను, వినేవాళ్ళ శబ్దానికి అందులో చోటే పెట్టలేదు. ఇప్పుడు భాష కల్పిస్తామని వచ్చే విద్యార్థులతో ముందు ఊఁ రాయిస్తాను.

ఇక ఇందులో కల్పన ఎక్కడుందో చెప్పాలి. నెమళ్ళ దగ్గర కాదు.

సుగుణమ్మ ల్యాబుకు రాలేదు. పిలవడానికి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. చాయ్ ఇచ్చింది. అంతా విని, "నేను ఆ భాష నేర్చుకుంటె, ఈయనకు తెలుగు ఇంక రాదని ఒప్పుకున్నట్టే గద సార్? నేను ఒప్పుకోను," అంది. బాలరాజు గారు ఏదో చెప్పబోయారు. ఆమె వెంటనే లేచి నీళ్ళ గ్లాసు అందించింది. తాగారు.

మరుసటి వారం ల్యాబుకొచ్చి ఆ వాక్యం నాకు చెప్పారు, అందులో "నువ్వు" అనే మాట కూడా మార్చకుండా. ఆ నల్లటి చారలు నా ఊఁలవి.