స్వర్ణలత కేకు, దాని అడుగు కాగితం

మా వీధి రామ్మోహనరావు గారు ఆదివారం మధ్యాహ్నం తన పుట్టినరోజు కేకును అడుగున ఉన్న కాగితంతో సహా తిన్నారు. కింది పొర కాస్త గట్టిగా ఉన్నా కేకు అద్భుతంగా ఉందన్నారు. మిగిలిన కేకు కింద చిరిగిన కాగితం బయటపడే దాకా ఆ పొర ఏమిటో ఎవరికీ తెలియలేదు.

ఆ కేకు చేసింది స్వర్ణలత. ఉప్పల్‌లో మా వీధి చివరింట్లో ఉంటుంది. జనగామ వైపు మనిషి. నాచారంలో బట్టల కంపెనీలో మిషన్ కుట్టేది. నడుము పట్టేశాక మానేసి ఇంట్లోనే కేకులు మొదలుపెట్టింది. గిన్నెకు కేకు అంటుకోవడమే ఆమెకు పెద్ద బాధ. నెయ్యి రాసింది, పిండి చల్లింది. ఒకసారి న్యూస్ పేపరు పరిస్తే కేకు అడుగున సినిమా ప్రకటన తిరగేసి అచ్చు పడింది.

భర్త తిరుపతి మల్లాపూర్‌లో స్టిక్కర్లు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. స్టిక్కర్లు ఒలిచాక మిగిలే నున్నటి కాగితాన్ని అక్కడ పారేస్తుంటే ఇంటికి తెచ్చేవాడు. అల్మారా అరల్లో పరిచేవాళ్లు. జిగురే నిలవని కాగితం మీద కేకేం నిలుస్తుందనుకుంది స్వర్ణలత. గుండ్రంగా కత్తిరించి గిన్నెలో వేసింది. కేకు కాగితంతో సహా జర్రున జారి పళ్లెంలో పడింది. ఒలిస్తే అందం చెడుతుందని కాగితంతోనే రావు గారింటికి పంపింది.

సాయంత్రం రావు గారి భార్య త్రిపురసుందరి గారు ఫోన్ చేశారు.

"స్వర్ణా, మీ సారు కాగితం కూడా మింగేశారే! మనిషా, మేకా?"

స్వర్ణలతకు నవ్వు రాలేదు. సారు గుండెలో స్టెంటుంది. పూటకు గుప్పెడు మాత్రలు.

"ఇగో, గా కాగితం మీద ఏం పూస్తరు?" అని భర్తను అడిగింది.

"నాకేమెరుక? అంటకుండ ఏదో పూస్తరంట."

"తింటే ఏమైతది?"

తిరుపతి తల గోక్కున్నాడు. "కాగితం ఎవరు తింటరే? మా దగ్గర డబ్బాల మీద పుర్రె బొమ్మ ఉంటది. అవి జిగురు డబ్బాలు గావచ్చు."

ఆ 'గావచ్చు' ఆమె ప్రాణం తోడేసింది.

అది స్టిక్కర్ల కాగితమని చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రేపు ఏమైనా అయితే తప్పు ఆయన వయసు మీదికి పోతుంది. అలాంటి ఆలోచన తనకు వచ్చినందుకు ఆమెకు మరింత భయమేసింది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

రావు గారు సోఫాలో కళ్లు మూసుకుని, నోరు తెరిచి, ఒక చెయ్యి కిందికి వేలాడేసి ఉన్నారు.

"సార్!" అని ఆమె పెట్టిన కేకకు ఆయన నిద్రలోంచి ఎగిరిపడ్డారు.

"ఏమిటమ్మా, దొంగలా?"

"గది కేకు కింద ఏసే కాగితం గాదు సార్. స్టిక్కర్ల కాగితం. తెల్వక ఏసిన. లేవుండ్రి, దవాఖానకు పోదాం."

త్రిపురసుందరి గారు ఆటో కోసం వీధిలోకి పరుగెత్తారు.

ఆటోలో ఆయన దగ్గినప్పుడల్లా స్వర్ణలత వంగి ముఖంలోకి చూసింది.

"అలా చూడకమ్మా, ఉన్న ఆరోగ్యం కూడా పోయేట్టుంది" అన్నారాయన.

ఎంత తిన్నారని డాక్టరు అడిగాడు. ఆయన అరచెయ్యి చూపించారు. భార్య దాన్ని బొటనవేలంతకు తగ్గించారు. "భయం లేదు. కడుపునొప్పో, వాంతులో వస్తే తీసుకురండి" అన్నాడు డాక్టరు.

ఆ 'వస్తే' కోసం స్వర్ణలత కాపలా కాసింది. ఆ రాత్రి తోడుకు పెరుగు కావాలని మాటిమాటికీ వాళ్లింటికి వెళ్లేది, పెరుగు అక్కడే మరిచి వచ్చేది. మర్నాడు పొద్దున ఆయన నడకకు బయల్దేరడం కళ్లారా చూశాకే ఇంత అన్నం తిన్నది.

ఆ రోజే బేకరీ సామాన్ల దుకాణానికి వెళ్లింది. దుకాణదారు మూడు రకాలు ముందు పెట్టాడు. ఒకటి మిఠాయి చుట్టేది. ఒకటి మైనం పూసినది, ఓవెన్‌లో పెడితే కరిగి పొగొస్తుంది. మూడోది ఓవెన్ వేడిని తట్టుకునే బేకింగ్ పేపరు. స్వర్ణలత దాన్ని వాసన చూసింది, వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది తింటే ఏమన్న అయితదా అన్నా?"

"తినేదానికి గాదక్కా, కేకు కింద ఏసేదానికి."

"గది నాకెరుకే. తినెటోళ్లున్నరు."

తర్వాత రావు గారి పెళ్లిరోజుకూ ఆమె కేకే. ఈసారి కాగితం తనే ఒలిచి, ముక్కలు కోసి, దగ్గర నిలబడి పెట్టింది. ఆయన తిని పెదవి విరిచారు.

"అన్నీ కుదిరాయి గానీ స్వర్ణా, అడుగున ఆ గట్టి పొర లేదేమిటి?"

"గా పొర మీరు మింగినంక నాకు ముద్ద మింగుడు పడలే సార్, ఇగ జన్మల ఎయ్య!"