చెడుగుడు కూతలో ఉక్కు

ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా ఊళ్లన్నీ అట్టుడికిపోయిన మరుసటేడు. కొత్తవలస స్టేషన్లో విజయనగరం బండి కోసం చూస్తుంటే, కండలు తిరిగిన ఒకతను కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏటి బావా, ప్లాట్‌ఫారం కొలుస్తన్నావా?" అన్నాను.

చెడుగుడు ఆటగాడట. కూతకెళ్లినప్పుడు "చెడుగుడు" అనకుండా "ఉక్కు ఉక్కు" అని కూత పెట్టాడని జట్టులోంచి తీసేశారట. ఆ రోజు విజయనగరం వెళ్లి, కెప్టెన్ ముందు తప్పయిందని ఒప్పుకుంటే మళ్లీ తీసుకుంటారట.

"ఒప్పీసుకో బాబూ. ఆటలో రాజకీయాలేటి?" అన్నాడు బెంచీ మీది పెద్దాయన.

"ఆ కెప్టెన్ మొన్న తాగి పెళ్లాం సెయ్యి ఇరగ్గొట్టినాడు. నిన్న దండేసి మరీ ఆడించినారు" అన్నాడతను.

"అది ఆడి ఇంటి గొడవ. మనం ఆడి పట్టు సూడాలి గానీ" అన్నాడు పెద్దాయన.

నా నోరు ఊరుకుంటుందా! "అయితే నువ్వూ ఓ సెయ్యి ఇరగ్గొట్టీ బావా, దండేస్తారు" అన్నాను. బెంచీ అంతా నవ్వింది.

"ఆ సెయ్యి మా సెల్లిది. ఇశాపట్నం పెద్దాసుపత్రిలో ఉన్నాది" అన్నాడు.

విజయనగరం బండి వచ్చింది. మేం ఎక్కాం. కిటికీలోంచి చూస్తే, అతను పట్టాలు దాటి, విశాఖ బండి ఎన్నింటికని అవతలి పోర్టర్ని అడుగుతున్నాడు.