ఎరుపు పూసిన ప్లాట్లు

దబ్, దబ్. ఎక్కడో పునాది మట్టిని గట్టిపరిచే దిమ్మిస పడుతోంది. గట్టి నేల అయితే ఆ దెబ్బకు తిరిగి పలుకుతుంది. ఈ నేల చప్పుడును మింగేస్తోంది. ఆ చప్పుడు వైపే పరుగులాంటి నడకతో వచ్చింది కమలవేణి, వెనకాలే ఆమె పక్కింటిదాన్ని నేను.

ధర్మపురి నుంచి ఇండూరు పోయే దారిలో ఆమె అన్న గోకులకృష్ణన్ వేసిన లేఅవుట్ అది. ఒకప్పటి వాగు పల్లాన్ని ఇసుకతో పూడ్చారు. పైన పొడి, కింద ఎప్పుడూ తడి. భూమి వణికితే అలాంటి ఇసుక కాసేపు నీరైపోతుంది, మీదున్న ఇల్లు ఒరిగిపోతుంది. చెట్టికరై ఇంజినీరింగ్ కాలేజీలో కమలవేణి పరిశోధన దాని మీదే. జపాన్ లాంటి చోట్ల భూకంపాల్లో నిలిచిన నేలలనూ, కరిగిన నేలలనూ కంప్యూటరుకు చూపించి, కొత్త నేల ఏమవుతుందో చెప్పడం దానికి నేర్పింది. అన్న అడిగితే ఇక్కడా మట్టి తీయించి చూసి, పటంలో పల్లం ప్లాట్లకు ఎరుపు పూసి ఇచ్చింది. అక్కడ పార్కు వేస్తానని అతను మాటిచ్చాడు.

వాళ్ల ఇంట్లో బేరం కుదిరితే తాంబూలం ఆడపిల్ల చేతుల మీదుగా ఇవ్వాలి. ప్లాటు కొన్న భూపతికి, కూలిపని చేసుకునే మనిషికి, కమలవేణే ఇచ్చింది. ఆయన పళ్లెం అందుకోబోతూ ఆగాడు.

"నీవు చూసిన నేలే కదా పాపా?"

"ఔను మామా." గట్టు మీద ప్లాటనే అనుకుంది.

భూపతి పునాది పల్లంలో తీస్తున్నాడని నిన్ననే తెలిసింది. నిలదీస్తే అన్న నవ్వాడట. జపాన్ మన్ను తిన్న నీ మెషిను ధర్మపురికి జోస్యం చెప్తుందా అన్నాడట. అలా అన్నవాడు ఎరుపు ప్లాట్లనే ముందుగా అమ్మేశాడు. తన ఇంటికి మాత్రం గట్టు మీద రాతినేల ఉంచుకున్నాడు.

ఆమె చెప్పిందంతా విని భూపతి దిమ్మిస ఆపించాడు. కేకలు వేయలేదు. గోతిలోకి ఊరుతున్న నీళ్లను చేత్తో తీసి చూశాడు.

"మరి ఆ పొద్దు ఔనంటివే పాపా."

 మీ అన్న ముందర కూడా ఇదంతా చెప్తావా అని భూపతి అడిగాడు. చెప్తానంది. ఇద్దరూ అన్న ప్లాట్లమ్మే కొట్టుకు బయల్దేరారు. నాలుగడుగులు వేసి, ఆమె నా వైపు తిరిగింది.

"అన్న నా లెక్క నమ్మకపోయింటే ఇంత నొప్పి లేదక్కా. నమ్మినాడు."