అక్షరాలు ఎవరివి, బావా?

మా పిన్ని బోర్డులు రాస్తుంది. ఆమె అక్షరాలు ఒక్క చోట కుదురుగా నిలబడవు. 'క' పొట్ట పట్టుకుని నవ్వుతుంది, 'ల' పక్కదాని మీద కాలేస్తుంది, తలకట్లన్నీ టోపీల్లా ఓ పక్కకి వాలి ఉంటాయి. బొమ్మల కొట్టుకి, ఐస్‌క్రీమ్ బండికి, పిల్లల డాక్టరుకి అవే కావాలి.

మా నాన్నకి ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. సొంత మరదలి బోర్డులన్నిటినీ గుట్టుచప్పుడు కాకుండా ఫొటోలు తీసి, కంప్యూటర్లోకి ఎక్కించి, 'గంతులు' అనే ఫాంటు చేయించి తన పేరుతో అమ్ముకున్నాడు. కన్నతండ్రే కావచ్చు, దొంగని దొంగ అనక ఏమనాలి? ఊళ్ళో ఫ్లెక్సీల నిండా పిన్ని చేతిరాతే, పిన్నికి మాత్రం పని లేదు. అడగబోతే, "అక్షరాలు నీ ఒక్కదాని సొత్తా అమ్మా?" అన్నాడట. పిన్ని ఇంటికొచ్చి కుంచెలు కడుక్కుంటూ, "ఈయన సంగతి చూస్తా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో బడికి కొత్త గోడ కట్టారు. కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్, 'గంతులు' గీసినాయనే వచ్చి పిల్లల ముందు బడి పేరు రాయాలని కబురు పెట్టింది. పొగడ్తకి ఉబ్బిపోయి నాన్న సరేననేశాడు. ఆ తర్వాత పిన్ని దగ్గరికి పరిగెత్తాడు.

"నా పరువు కాపాడమ్మా. ముందే పెన్సిల్‌తో గీసిపెట్టు, నేను రంగు నింపేస్తా."

"దానికేం బావా, అలాగే."

తీరా వెళ్ళేసరికి గోడ మీద ఒక్క గీత లేదు. పిన్ని నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కండి బావా, పట్టుకున్నాగా."

పిన్ని ఎప్పుడూ ముందు అక్షరం పొట్ట గీసుకుని, ఆఖర్న తలకట్టు పెడుతుంది. ఫొటోలో అదెక్కడ కనబడుతుంది? నాన్న కుంచె నిండా రంగు పట్టించి తలకట్టుతో మొదలెట్టాడు. పొట్ట రావాల్సిన చోటంతా రంగు కిందికి కారి చారలు కట్టింది. పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

"అసలివి మీరు గీసినవేనా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"చెప్పండి బావా, ఎవరివో," అంది పిన్ని, నిచ్చెన వదలకుండా.

"మా మరదలివి," అని గొణిగాడు.

"వెనకున్న పిల్లలకి వినపడలేదు బావా."

ఈసారి గట్టిగా చెప్పాడు.

అప్పుడు పిన్ని ఎక్కి, ఆ చారల పక్కనుంచి బడి పేరంతా గంతులేయించింది. అటెండరు సున్నం తెచ్చి నాన్న అక్షరం చెరపబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అది మా బావ సొంతంగా గీసింది. ఉండనివ్వండి."

నాన్న ప్రెస్సుకి వెళ్ళే దారి ఆ గోడ ముందునుంచే.