నవ్వు బొమ్మల కింద కాగితం

ఆపరేషన్ థియేటర్లో మత్తు మిషను చూసుకునే ఆయన్ని అందరూ సిలిండర్ బాబాయ్ అంటారు. ముప్ఫై ఏళ్ళుగా గ్యాసు సిలిండర్లు దొర్లించి దొర్లించి ఆ పేరు ఒంటికి అతుక్కుపోయింది. వచ్చే నెలాఖరుకి రిటైరు. వరండా గోడ మీద "మా రోగుల సంతృప్తి: నూటికి తొంభై ఎనిమిది" అని ఒక బోర్డుంది. దాని కింద నుంచి నడిచిన ప్రతిసారీ బాబాయ్‌కి ఒళ్ళు మండుతుంది. ఆ తొంభై ఎనిమిది ఎలా వచ్చిందో ఆయనకు తెలుసు కదా! మత్తు సగమే దిగిన మనిషి ముందు ఐదు నవ్వు బొమ్మల ఫారం పెడతారు. ఆ స్థితిలో ఉన్నవాళ్ళు, ఇల్లు రాసిస్తారా అని అడిగినా ఊఁ అంటారు. ఛీ, అదీ ఒక లెక్కేనా!

ఆ రోజు బల్ల మీదికి వచ్చింది ఒక టైలరమ్మ. విరిగిన కాలికి రెండో ఆపరేషన్. ఇక్కడే జరిగిన మొదటిదానిలో ఆమెకు మధ్యలో మెలకువ వచ్చింది. డాక్టర్లు కారు టైర్ల గురించి మాట్లాడుకోవడం వినపడింది, ఎముకలో డ్రిల్లు దిగడం తెలిసింది, వేలైనా కదపలేకపోయింది. తర్వాత చెబితే "కల వచ్చుంటుందమ్మా" అని చేతులు దులుపుకున్నారు. నిన్న మాత్రం మత్తిచ్చే ఒక చిన్న డాక్టరమ్మ అరగంట కూర్చుని అంతా విని, కాగితం మీద రాసి, "రేపు నేనే ఉంటాను, భయపడకండి" అని చెయ్యి పట్టుకుంది. తెల్లారేసరికి ఆ డాక్టరమ్మ డ్యూటీని వేరే బ్లాకుకి మార్చేశారు.

"ఆ డాక్టరమ్మ ఏరి బాబాయ్?" అని అడిగింది టైలరమ్మ.

"చూస్తానుండమ్మా," అంటూ ఫైలు తెరిచాడు.

పైన నవ్వు బొమ్మల ఫారం. దాని కింద, నాలుగు పిన్నులు కొట్టి మూసేసిన చోట, డాక్టరమ్మ రాసిన కాగితం. అరికాలి మంట నెత్తికెక్కింది ఆయనకు. ఫారం పీకి పారేసి, సిరంజి నింపుతున్న కొత్త మత్తు డాక్టరు కళ్ళ ముందు ఆ కాగితం పెట్టాడు.

"సార్, ఇది చదివి మొదలెట్టండి."

"నువ్వు నాకు నేర్పుతావా?"

"నేర్పడానికి నేనెవర్ని సార్. మీరు చదివేదాకా మిషను మీంచి చెయ్యి తియ్యను, అంతే."

డాక్టరు గొణుక్కుంటూ చదివాడు. చదివాక గొణుగుడు ఆగింది. మెదడు ఎంత నిద్రలో ఉందో చూపే మిషను తెప్పించి ఆమె నుదుటికి తగిలించాడు. మాస్కు పెట్టేదాకా ఆమె కళ్ళు తలుపు మీదే ఉన్నాయి.

రెండింటికి ఆ డాక్టరు డ్యూటీ దిగిపోయాడు. సగం ఆపరేషన్లో ఇంకో డాక్టరొచ్చి కూర్చున్నాడు. ఏం చెప్పి వెళ్ళాడయ్యా అంటే, "అంతా బానే ఉంది" అని ఒక్క ముక్క! బాబాయ్ డ్యూటీ కూడా రెండింటికే అయిపోయింది. వెళ్ళలేదు. ఈయన చేత కూడా ఆ కాగితం చదివించి, మిషను పక్కనే నిలబడ్డాడు.

టైలరమ్మ కళ్ళు తెరిచిందో లేదో, నవ్వు బొమ్మల ఫారాలు నింపించే మేడమ్ కట్టతో సహా వచ్చేసింది. "మీతో మాట్లాడిన డాక్టరే మీ దగ్గరున్నారా?"

టైలరమ్మ బాబాయ్ వైపు చూసింది. "ఈసారి ఒక్క మాట వినపడలేదు బాబాయ్. ఆవిడే ఉన్నారు కదూ?"

కుట్లతో పడుకున్న మనిషిని ఇప్పుడు బెదరగొట్టడం ఎందుకనుకుని "ఉన్నారమ్మా" అన్నాడు. మేడమ్ ఐదో బొమ్మ మీద టిక్కు పెట్టుకుని, కట్ట అక్కడే మర్చిపోయి చక్కా పోయింది.

"అమ్మయ్య! మూడు నెలలకి రాడ్లు తియ్యాలన్నారు. ఆవిడే ఉంటారుగా, ఇంక నాకు భయమేంటి."

బాబాయ్‌కి తన నోరంటే తనకే అసహ్యమేసింది. ఇన్నేళ్ళూ ఆ బోర్డును తిట్టుకుని తిట్టుకుని, చివరికి తనూ ఒక టిక్కు పెట్టించాడు.

"అబద్ధం చెప్పానమ్మా. ఆవిడ రాలేదు. వేరేవాళ్ళు ఇద్దరు మారారు. ఆవిడ రాసిన కాగితం నేను చదివిస్తే చదివారు, లేకపోతే అదీ లేదు."

ఆమె మొహం పాలిపోయింది. "మరి అప్పుడు మీరుంటారా?" అంది.

రెండో అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఉండనమ్మా. రిటైరైపోతాను."

కట్టలోంచి ఒక ఖాళీ ఫారం లాగి, వెనక్కి తిప్పి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: "ఈమెకు మొదటి ఆపరేషన్లో మధ్యలో మెలకువ వచ్చింది. కల కాదు."

"ఫైల్లో పెడితే మళ్ళీ పూడ్చేస్తారు. ఇది మీ దగ్గరే ఉంచుకోండి. మత్తిచ్చే మనిషి దీన్ని పైకి చదివి వినిపించేదాకా బల్ల ఎక్కకండి. ఎవరు కసిరినా సరే."

ఇంకా పట్టు చిక్కని వేళ్ళతో ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో బిగించింది. వార్డుకి తీసుకెళ్ళేటప్పుడు నర్సు అడిగినా ఇవ్వలేదు.