అయస్కాంతానికి అంటుకున్న పసుపు తీగ

మోకాళ్లు సహకరించక నాగావళి నదికి వెళ్లడం మానేశాక మావ తన గాలాల డబ్బా నాకిచ్చేశాడు. మా అమ్మకు తమ్ముడాయన. నాకు చేపలు పట్టడం నేర్పిందీ ఆయనే. డబ్బాలో చిన్న చేపల్లా కోసిన ఇత్తడి రేకులున్నాయి. నీళ్లలో లాగితే అవి తళతళలాడతాయి. నిజం చేపే అనుకుని వాలుగ వచ్చి మీద పడుతుంది. వాలుగ పళ్లకు నైలాను దారం ఆగదు కాబట్టి ప్రతి రేకుకూ ముందు జానెడు తీగ ఉంటుంది.

ఎన్నేళ్ల నాటివో ఆ తీగలు. ఏది ఉంచాలో ఏది మార్చాలో తేల్చుకుందామని విజయనగరంలో మా వరండాలో కూర్చున్నాను. ఉక్కు తీగయితే అయస్కాంతానికి టక్కున అంటుకుంటుంది. ఇత్తడిది కదలదు, ఆకురాయితో గీస్తే పసుపుపచ్చగా మెరుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అంటీ అంటనట్టుంటుంది. అలా వేరుచేస్తుంటే ఒకటి తేలలేదు. గీస్తే పసుపు. అయస్కాంతానికేమో గట్టిగా పట్టుకుంది. భూతద్దం పెట్టి చూశాను. లోపల ఉక్కు తీగ, దాని చుట్టూ వెంట్రుకంత పసుపు తీగ ఒత్తుగా చుట్టి ఉంది. అలాంటివే ఇంకో రెండు దొరికాయి.

శ్రీకాకుళం వెళ్లినప్పుడు మావకు చూపించాను. ఆయన దాన్ని గుప్పిట్లో దాచుకోబోయాడు. ఈలోగా అత్త టీ గ్లాసులు కింద పెట్టి తీగ అందుకుంది, గోరుతో గీరింది. జిర్రుమంది.

"ఇది నా గిటారుది," అంది.

అత్త పెళ్లికి ముందు నుంచీ చర్చిలో గిటారు వాయించేది. కూతురు చిన్నప్పుడే జ్వరంతో పోయాక తీగలన్నీ కోసి చెత్తలో పడేసింది. ఆ మాట మా ఇళ్లలో ఎవరమూ ఎత్తం.

"నీకెక్కడివి?" అని మావని అడిగింది.

"సెత్తలోంచి తీసినాను. పారెయ్యబుద్ధి కాలేదు."

"నాకు సెప్పలేదేటి?"

"ఏటని సెప్పమంటావు? అప్పుడు నువ్వు మాటాడీదానివి కాదు. ఇంట్లో ఉండలేక నాను నాగావళికి పోయీవోణ్ణి."

అత్త తీగను వేలికి చుట్టి, మళ్లీ విప్పింది. "సేపలు పడ్డాయా దీనికి?"

"పడ్డాయి. నువ్వే వండినావు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. అక్కడ ఉండాలో లేవాలో నాకు తెలియలేదు. తీగలు విప్పి ఇచ్చెయ్యనా అత్తా అన్నాను.

"ఎందుకురా? గట్టిగానే ఉన్నాయి కదా. వాడుకో."

తర్వాతి ఆదివారం ఇద్దరినీ ఆటోలో నది ఒడ్డుకు తీసుకెళ్లాను. రేకు విసరడానికి నేను వెనకాడుతుంటే అత్తే "ఇసురురా, సూస్తాను" అంది. ఎండెక్కేదాకా విసిరాను. ఒక్క వాలుగ కూడా పడలేదు. వెనకాల ఇసుకలో కూర్చుని అత్త కూతురి సంగతులు మొదలుపెట్టింది. తను పాటలో తాళం తప్పితే పాప ఎలా వెక్కిరించేదో చెప్పింది. ఆ పిల్ల పేరు ఆవిడ నోట వినడం నాకదే మొదలు.

"ఎక్కిరించింది నిన్ను కాదే, నన్ను," అన్నాడు మావ.

"నీకు పాటెక్కడొచ్చు?" అంది అత్త. దాని మీద ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు.